ఆరుబయటి వేసవి రాక్ కచేరీ: చిన్న కెమెరాతో వేదికను ఫొటో తీయడం ఎలా?

వెనకవరుస (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో ఒక ఆరుబయటి రాక్ కచేరీకి వెళ్తున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు మొదటి బృందం వేదిక ఎక్కుతుంది; ఆరవదీ ప్రధానమైనదీ అయిన బృందం రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టి పదింటికి ముగిస్తుంది. సూర్యాస్తమయం ఏడుంబావు ప్రాంతంలో. కుర్చీలు ఉండవు, మైదానంలో నిలబడి చూడవలసిందే. లెన్సు మార్చుకునే వీలున్న కెమెరాలను లోపలికి రానివ్వరని టికెట్ మీదే అచ్చువేశారు కనుక నా పెద్ద కెమెరా ఇంట్లోనే ఉంటుంది. నా రెండో కెమెరా జేబులో పట్టేది: 1 అంగుళం సెన్సార్, 24 నుంచి 200 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్ (అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది), ఎపర్చర్, అంటే వెలుతురు దూరే రంధ్రం, 24 చివర ఎఫ్/2.8, 200 చివర ఎఫ్/4.5. దానితో పాటు ఫోను ఎలాగూ ఉంటుంది.

నిరుడు ఇటువంటి కచేరీకే వెళ్లి మూడు వందలకు పైగా ఫొటోలు తీసుకువచ్చాను. వాటిలో ఎవరికైనా చూపించదగినవి నాలుగో అయిదో. పగటివాటిలో ఆకాశం తెల్లకాగితంలా వెలిసిపోయింది, వేదిక మీది మనుషులు మసిబొగ్గుల్లా ఉన్నారు. చీకటి పడ్డాక తీసినవాటిలో గాయకుడి ముఖానికి కళ్లూ ముక్కూ లేవు. ఎర్రసిరా ఒలికినట్టు ఒకే మరక. కొన్నింటిలో అడ్డంగా నల్లని చారలు పడ్డాయి. కెమెరా పాడైందేమోనని భయపడ్డాను గానీ మరునాడు ఆరుబయట తీసినవి బాగానే వచ్చాయి. సాయంత్రం నాలుగింటికి ఫోను వేడెక్కి, చల్లబడేదాకా పనిచేయనని తెర మీద హెచ్చరిక చూపి ఊరుకుంది. ఇవన్నీ ఒక ఎత్తు, నాకు ఎంతో ఇష్టమైన పాటను వాళ్లు ఆ రోజు ఎలా ముగించారో గుర్తు లేకపోవడం ఒక ఎత్తు. ఆ పాట జరుగుతున్నంతసేపూ నేను కెమెరా మెనూలో ఏదో వెతుకుతూ కూర్చున్నాను.

కాబట్టి అడుగుతున్నాను: ఈ చిన్న కెమెరాతో ఎక్కడ నిలబడితే ఫలితం ఉంటుంది, ఏ సమయానికి ఏ సెట్టింగులు పెట్టుకోవాలి, ఆ చారలు ఎందుకు వచ్చాయి? ఎనిమిది గంటలు ఎండలోనూ జనంలోనూ గడిపినవారు ముందుగా చూసుకోవలసిన సంగతులు చెప్పినా సంతోషం.


మూడోపాట

వెనకవరుస గారూ, నేను కొన్నేళ్లపాటు ఒక పత్రిక కోసం కచేరీలు ఫొటో తీశాను. అనుమతి పత్రం ఉన్న ఫొటోగ్రాఫర్లను వేదికకూ బారికేడ్‌కూ మధ్య ఉండే సందులోకి పంపి, మొదటి మూడు పాటలు ఫ్లాష్ లేకుండా తీసుకోనిచ్చి, నాలుగో పాట మొదలయ్యేలోగా బయటికి పంపేయడం చాలా చోట్ల అమలులో ఉన్న పద్ధతి. నా పేరు అక్కడినుంచి వచ్చినదే. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది: మాకు దక్కనిది మీకు దక్కుతుంది. గాయకుడి చొక్కా చెమటకు తడిసి, జుట్టు నుదుటికి అంటుకుని, వాయించేవాళ్లు ప్రేక్షకులను మరచిపోయి ఒకరినొకరు చూసుకుంటూ నవ్వుకునే సమయానికి మేము ఎప్పుడో సంచులు సర్దుకుని గేటు దాటి ఉండేవాళ్లం. మీరు అప్పటికి అక్కడే ఉంటారు. దగ్గరితనంలో మాతో పోటీ పడాలని చూడకండి, ఓపికతో గెలవండి.

ఇక వెలుతురు. ఆరుబయటి కచేరీలో రాత్రి కష్టమని, పగలు సులువని అనుకుంటారు. నా అనుభవంలో అది తలకిందులు. మిట్టమధ్యాహ్నం వేదిక మీద పైకప్పు ఉంటుంది, దాని కింద నీడ ఉంటుంది, ఆ నీడకు చుట్టూ మండే ఆకాశం ఉంటుంది. నేరుగా ఎండ పడుతున్న ప్రేక్షకులకూ కప్పు కింద ఉన్న గాయకుడికీ మధ్య నాలుగైదు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు), అంటే 16 నుంచి 32 రెట్లు వెలుతురు తేడా ఉండవచ్చు. కంటికి ఆ తేడా తెలియదు, ఎటు చూస్తే అటు సర్దుకుంటుంది. కెమెరా మొత్తం దృశ్యానికి ఒకే లెక్క వేస్తుంది. దృశ్యంలో ఆకాశం సగం ఉంటే ఆ లెక్క ఆకాశానికి అనుకూలంగా పడి మనుషులు నల్లబడతారు. మీ ఫొటోలలో కొన్ని వెలిసిపోవడమూ కొన్ని నల్లబడడమూ రెండూ ఈ ఒక్క కారణం వల్లే.

దీనికి ఉపాయం మెనూలో లేదు, కాళ్లలో ఉంది. ఆకాశం ఫ్రేములోకి రాని చోటు వెతుక్కోండి. వేదికకు ఎదురుగా మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే గాయకుడి వెనక వేదిక నల్లటి పక్కతెరో ఆంప్లిఫయర్ల వరుసో వస్తుంది. ఆ నల్లటి నేపథ్యంలో మనిషి చక్కగా విడిపడి కనిపిస్తాడు. కెమెరాను మాన్యువల్‌లో ఉంచి, స్పాట్ మీటరింగ్‌తో (ఒక్క చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) గాయకుడి ముఖం మీద కొలత తీసుకుని వదిలేయండి. పైకప్పు నీడలో ఎఫ్/4.5, షట్టర్ వేగం 1/250 సెకను, ఐఎస్ఓ (సెన్సార్ స్పందించే తీవ్రత) 400 దగ్గర మొదలుపెడితే ఒక స్టాపు అటో ఇటో సరిపోతుంది. పాట పాటకూ మార్చనక్కరలేదు. ఎండ మారితేనే నీడ మారుతుంది. రా ఫైలులో (కెమెరా సర్దుబాట్లు చేయని ముడి రూపంలో) తీయండి, నీడలను తరువాత పైకి లాగవచ్చు. పూర్తిగా తెల్లబడిన ఆకాశాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

వేదిక ఏ దిక్కుకు తిరిగి ఉందో ముందే మ్యాపులో చూసుకోండి. అది పడమరకు అభిముఖంగా ఉంటే సాయంత్రం ఐదున్నర దాటాక ఎండ కప్పు కిందికి దూరి వాళ్ల ముఖాల మీద పడుతుంది. ఆ గంటసేపు మీరు ఏం తీసినా బంగారమే. తూర్పుకు తిరిగి ఉంటే సూర్యుడు వేదిక వెనక దిగుతూ మీ కళ్లలోకీ లెన్సులోకీ కొడతాడు. అప్పుడు ముఖాల ఆశ వదులుకుని నీడబొమ్మలు తీయడమో, వెనక్కి తిరిగి ఎండలో మెరుస్తున్న జనాన్ని తీయడమో మేలు.

దూరం విషయం. 200 మిల్లీమీటర్ల చివర కెమెరాను నిలువుగా పట్టుకుంటే 40 మీటర్ల దూరంలో దాదాపు 7 మీటర్ల ఎత్తు ఫ్రేములోకి వస్తుంది. అంటే నిలబడ్డ మనిషి ఫ్రేములో నాలుగో వంతు. 20 మీటర్ల దగ్గర అదే మనిషి సగం ఫ్రేము నింపుతాడు. కనుక మీ కెమెరాకు 20 నుంచి 25 మీటర్లు సరైన దూరం; అంతకు దూరమైతే ఒక్క మనిషి కోసం ప్రయత్నించకుండా వేదిక మొత్తాన్ని, జనంతో కలిపి తీయండి. పక్కను ఎంచుకునేటప్పుడు మరొక్కటి చూడండి: గాయకుడు మైకును ఏ చేత్తో పట్టుకుంటాడో దానికి ఎదుటి పక్కన నిలబడితే ముఖం మైకు వెనక దాక్కోదు. కుడిచేతి వాటం గిటారిస్టు వాయిద్యపు మెడ మనకు కుడి వైపు చాచి ఉంటుంది. మైదానంలో ఎడమ పక్కన ఉంటే తీగలు మీటే చెయ్యి, కుడి పక్కన ఉంటే మెడ మీద కదిలే వేళ్లు మీ వైపుకు వస్తాయి. నాకు వేళ్లే ఇష్టం.

ఆ నల్లని చారలు కెమెరా తప్పు కాదు. ఎల్‌ఈడీ దీపాలు చాలావరకు మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సార్‌ను పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది, ఒక వరుసకు దీపం వెలిగి ఉంటుంది, మరొక వరుసకు ఆరి ఉంటుంది. మీరు శబ్దం రాకూడదని సైలెంట్ మోడ్ పెట్టి ఉంటారు. రాక్ కచేరీలో షట్టర్ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది! దాన్ని తీసేసి మెకానికల్ షట్టర్ వాడండి, వేగం 1/125 నుంచి 1/250 మధ్య ఉంచండి, చారలు చాలావరకు పోతాయి.

ఎర్ర మరక సంగతి ఇది. సాధారణ సెన్సార్‌లో సగం పిక్సెళ్లు ఆకుపచ్చకు, పావు వంతు ఎరుపుకు, పావు వంతు నీలానికి కేటాయించి ఉంటాయి. పూర్తి ఎర్రని వెలుతురులో ఆ పావు వంతే పొంగిపొర్లుతుంది, మిగిలినవాటికి అందేది దాదాపు ఏమీ ఉండదు. ముఖంలో వివరం ఉండవలసిన చోట ఒకే రంగు నిండిపోతుంది. నీలం దీపంలోనూ ఇంతే. అటువంటి క్షణంలో ఒక స్టాపు తగ్గించి తీయండి, లేదా తీయకండి. చాలా పాటలలో పల్లవి ఎత్తుకునేచోట తెల్లని దీపాలు వెలిగిస్తారు, రెండో చరణానికి ఆ క్రమం మీకు అర్థమైపోతుంది. రాత్రికి ఎఫ్/4.5, 1/250, ఐఎస్ఓ 1600 నుంచి 3200 వరకు సరిపోవాలి. ఆ సెన్సార్‌కు 3200 దగ్గర గరుకుతనం కనిపిస్తుంది, కనిపించనివ్వండి. వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురు రంగును సరిదిద్దే సెట్టింగు) పగటి వెలుతురుకు కట్టేయండి. ఆటోలో వదిలితే దీపం రంగును కెమెరా సరిదిద్దబోయి చెడగొడుతుంది. ఫ్లాష్‌ను, ఆటోఫోకస్‌కు సాయం చేసే చిన్న దీపాన్ని పూర్తిగా ఆపేయండి. చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పనిచేయదు, మీ ముందున్నవారి వెనక తలలను మాత్రం ధగధగా చూపిస్తుంది.


చెవులుభద్రం

ఫొటోల గురించి మూడోపాట గారు చెప్పిన తరువాత నేను చేర్చేది లేదు. నేను చాలాకాలంగా ఆరుబయటి కచేరీలకు సౌండ్ పని చేస్తున్నాను, కనుక నా గొడవ వేరు.

చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు లేకుండా ఎనిమిది గంటలు నిలబడకండి. వృత్తి ఆరోగ్య లెక్కల ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్లకు శబ్దశక్తి రెట్టింపై, భరించదగిన సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర మీకు మిగిలేది పావుగంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ వేదికల కోసం ప్రకటించిన ప్రమాణంలో కూడా సగటు శబ్దానికి 100 డెసిబెళ్లనే పై హద్దుగా పెట్టింది. రెండు పాటలకు సరిపడే మోతాదును ఆరు బృందాలకు సాగదీయడం ఎలాగో మీరే ఆలోచించుకోండి. మెత్తని ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను వేళ్లతో సన్నగా వత్తి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో ఆపి పట్టుకోవాలి. చాలామంది చెవి గుమ్మం దగ్గర తగిలించి, పనిచేయడం లేదంటారు. సంగీతకారుల కోసం చేసే రకం అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తుంది కనుక పాట మసకబారదు. రెండు జతలు తీసుకెళ్లండి. ఒకటి కింద పడుతుంది, గడ్డిలో వెతికినా దొరకదు.

మీకు పనికొచ్చే శబ్దపు సంగతి ఒకటి ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. మీరు వేదిక పక్కన పెట్టిన స్పీకర్లకు 40 మీటర్ల దూరంలో ఉంటే డ్రమ్ దెబ్బ మీ చెవికి చేరేది సెకనులో ఎనిమిదో వంతు తరువాత. ఆ దెబ్బ విని బటన్ నొక్కితే డ్రమ్మర్ చేతులు అప్పటికే మరొక చోటికి వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి చెవితో కాకుండా కంటితో తాళం లెక్కపెట్టండి. కర్ర పైకి లేచి, దిగబోయే ముందు ఒక్క లిప్తకాలం ఆగుతుంది. ఆ ఆగిన చోట నొక్కితే చేతులు స్పష్టంగా పడతాయి. గిటారిస్టు ఎగిరినప్పుడూ అంతే, ఎగురు శిఖరంలో మనిషి వేగం సున్నా.

నిలబడే చోటు గురించి నాకొక పక్షపాతం ఉంది: మైదానం మధ్యలో మిక్సింగ్ కన్సోల్ కోసం కట్టిన గుడారం ముందు, దాని కంచెకు ఆనుకుని నిలబడండి. శబ్దం అక్కడ బాగుండేలా సరిచూసేది అక్కడ కూర్చున్న మేమే. వీపుకు ఆసరా ఉంటుంది, వెనకనుంచి తోసేవారు ఉండరు. మీ కెమెరాకు దూరం కాస్త ఎక్కువే అవుతుంది, అది ఒప్పుకుంటాను.

ముందు వరుస కావాలంటే మాత్రం జనం వత్తిడిని గమనిస్తూ ఉండండి. చదరపు మీటరుకు ఐదుగురికి మించితే ఎవరి కదలిక వారి చేతిలో ఉండదు, గుంపు నీళ్లలా అలలుగా కదులుతుంది. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రాస్కిల్డే ఉత్సవంలో వేదిక ముందు జరిగిన తొక్కిడిలో తొమ్మిది మంది చనిపోయారు; అక్కడ ఉన్నవారూ పాటలు వినడానికి వచ్చినవారే. మీ చేతులు మీ ప్రమేయం లేకుండా పక్కకు అణిగిపోతున్నాయనిపించిన మరుక్షణం కెమెరాను జేబులో పెట్టి, రెండు చేతులనూ ఛాతీ ముందు అడ్డంగా పట్టి ఊపిరికి చోటు ఉంచుకుని, అల వెనక్కి తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరుగుతూ బయటపడండి. ఎదురుగా తోయకండి.

ఎండకు టోపీ, పూర్తి చేతుల పల్చని నూలు చొక్కా, దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీళ్లు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాసుకోవాలి, రాసుకున్న వేళ్లతో లెన్సు తాకకూడదు. ఆ జిడ్డు ఒక్క చుక్క అంటినా ఎదురెండలో ఫొటో అంతా పాలు పోసినట్టు తెల్లబారుతుంది. పక్కనున్న మనిషి మాటలు తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా తాగి ఉన్నాడని సరిపెట్టుకోకుండా నీడకు తీసుకెళ్లి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ వైద్య సిబ్బందిని పిలవండి. వడదెబ్బ అలాగే మొదలవుతుంది.


వెనకవరుస

ఇద్దరికీ కృతజ్ఞతలు. సైలెంట్ మోడ్ సంగతి నిజమే, మూడోపాట గారూ; ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్న మర్యాదకొద్దీ పెట్టాను!

ఇంకా రెండు సందేహాలు. 1/250 దగ్గర వేళ్లు, జుట్టు కాస్త చెదిరినట్టు వస్తాయి కదా, 1/1000కు పోతే మంచిది కాదా? చేతిలో బర్స్ట్ (బటన్ నొక్కి పట్టుకుంటే వరుసగా ఫొటోలు తీసే సదుపాయం) ఉన్నప్పుడు ఆ లిప్తకాలం కోసం ఎదురుచూడడం ఎందుకు, సెకనుకు ఇరవై తీసి ఒకటి ఏరుకుంటే సరిపోదా? ఫోను వేడి సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?


పాతరీలు

బర్స్ట్ అనే మాట వినగానే ఊరుకోలేకపోయాను. 1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరేలో, ఆరుబయటి వేదిక మీద, జిమీ హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పు పెట్టాడు. ఆ మంటల ముందు మోకాళ్ల మీద కూర్చున్న హెండ్రిక్స్ ఫొటోను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. దాన్ని తీసిన ఎడ్ కారాఫ్‌కు అప్పుడు 17 ఏళ్లు. వేదిక అంచున ఒక కుర్చీ మీద నిలబడి ఉన్నాడు. హెండ్రిక్స్ కోసం కొంత ఫిల్ము మిగుల్చుకోమని అంతకు ముందు మరొక ఫొటోగ్రాఫర్ అతనికి చెప్పాడట. ఆ ఫొటో తీసేటప్పటికి కెమెరాలో మిగిలింది ఒకే ఒక్క ఫ్రేము. మీకు సెకనుకు ఇరవై ఉన్నాయి. నేను ఫిల్ము రోజులను పొగడడానికి ఇది చెప్పడం లేదు, ఆ రోజుల్లో నా రీళ్లలో ఎన్ని వృథా అయ్యాయో నాకు తెలుసు. బర్స్ట్ నొక్కి పట్టుకున్న మనిషి కెమెరా తెరకు అవతల ఏం జరుగుతోందో చూడడం మానేస్తాడు. ఇరవైలో ఒకటి తప్పక బాగుంటుందన్న ధీమాతో నిలబడే చోటును, నేపథ్యాన్ని పట్టించుకోడు. ఆ తరువాత ఆరు వేల ఫొటోల ముందు కూర్చుని ఏరుకోవడం వారం రోజుల పని. రెండు మూడు ఫ్రేముల చిన్న విడతలు చాలు.

వేగం విషయంలో నేను మూడోపాట గారితో కూడా పూర్తిగా ఏకీభవించను. 1/250 భద్రమైనదే గానీ, ఒక్క పాటకైనా 1/30కి దిగి చూడండి. మైకు స్టాండును పట్టుకుని కదలకుండా నిలబడ్డ గాయకుడి ముఖం స్పష్టంగా ఉండి, వెనక డ్రమ్మర్ చేతులు పొగలా చెదిరితే ఆ ఫొటో శబ్దం చేస్తుంది. 1/1000 దగ్గర ఆ డ్రమ్మర్ కర్రలు గాలిలో అతికించినట్టు ఉంటాయి, అతను వాయిస్తున్నాడో కర్రలు చూపిస్తున్నాడో తెలియదు. పైగా రాత్రిపూట 1/1000 అంటే మరో రెండు స్టాపులు ఐఎస్ఓ పెంచాలి, మీ సెన్సార్ దానికి తట్టుకోదు.

స్పష్టత మీద మీకున్న భక్తి కాస్త సడలడానికి మరొక ఉదాహరణ. 1979 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఒక థియేటర్ వేదిక మీద ద క్లాష్ బృందపు పాల్ సిమనన్ తన బేస్ గిటారును నేలకేసి కొడుతున్నప్పుడు పెన్నీ స్మిత్ తీసిన ఫొటో ఫోకస్ తప్పింది. అది ఆల్బమ్ అట్టకు పనికిరాదని ఆమే అన్నారు, బృందం పట్టుబట్టి దాన్నే వేసుకుంది. అది ఆరుబయలు కాదు, నిజమే. ఇంటికి వచ్చాక చెదిరిన ఫొటోలను ఆ రాత్రే చెరిపేయకుండా వారం ఆగి చూడమనడానికే దీన్ని చెప్పాను.


మూడోపాట

పాతరీలు గారూ, 1/30కి నేను వ్యతిరేకిని కాను. వెనకవరుస గారి కెమెరా 200 మిల్లీమీటర్ల చివర ఉన్నప్పుడు, జనం భుజాలు తగులుతుండగా, అది నిలబడుతుందా అన్నదే నా సందేహం. 50 మిల్లీమీటర్ల లోపుకు వచ్చి, చేతిని కంచెకు ఆనించి తీస్తే అవకాశం ఉంది.

ఫోను గురించి. చాలా ఫోన్లను పరిసరాల వేడి 35 డిగ్రీల సెల్సియస్ దాటనిచోట వాడేలా తయారు చేస్తారు. ఎండలో నల్లటి తెర, దాని మీద పూర్తి వెలుగు, పైగా 4కె వీడియో కలిస్తే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. వీడియో ముప్పై సెకన్లకు మించనివ్వకండి, వాడనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి సంచి లోపల నీడలో ఉంచండి, వేడిగా ఉన్నప్పుడు పవర్ బ్యాంకు తగిలించకండి. ఛార్జింగ్ దానంతట అదే వేడి పుట్టిస్తుంది. చల్లారుతుందని మంచునీళ్ల సీసాకు ఆనించడం వద్దు, లోపల తడి చేరుతుంది. ఫోనుతో దూరపు గాయకుడిని డిజిటల్ జూమ్‌లో లాగడం దండగ. జనాన్ని, ఆకాశాన్ని, వేదికను కలిపి తీయడానికి మాత్రం పగటిపూట అది మీ కెమెరా కంటే మేలు, ఎందుకంటే ఒక్క నొక్కుకు అనేక ఎక్స్‌పోజర్లను కలుపుకుంటుంది. తెర మీద గాయకుడి దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ అక్కడ తాళం పడుతుంది, ఆ తరువాత కొంచెం తగ్గించుకోండి. దాన్ని తలకు మించి ఎత్తకండి. వెనకవారు కూడా టికెట్ కొనుక్కునే వచ్చారు.

రాత్రి లేజర్లు వాడితే ఒక జాగ్రత్త: కిరణం నేరుగా లెన్సులోకి పడితే సెన్సార్ మీద శాశ్వతంగా గీత మిగిలిపోవచ్చు. అవి జనం మీదికి తిరుగుతున్నప్పుడు లెన్సు దించండి.

ఇష్టమైన పాట మీద మీరు పడ్డ బాధకు నా మందు ఇది. సూర్యాస్తమయం తరువాత దాదాపు అరగంట, ఆకాశపు వెలుతురూ వేదిక వెలుతురూ సమఉజ్జీలుగా నిలుస్తాయి. రోజంతా మీకు శత్రువైన ఆకాశం ఆ అరగంట ముదురు నీలంగా మారి ఫ్రేములో హాయిగా ఇముడుతుంది. మీ సమయపట్టిక ప్రకారం అది ఐదో బృందం చివరి పాటలకూ ఆ తరువాతి విరామానికీ పడుతోంది. మీ ఓపికంతా దానికి దాచుకోండి. ప్రధాన బృందానికి మొదటి మూడు పాటలు తీసి, కెమెరాను జేబులో వేసుకుని, పాట వినండి.


వెనకవరుస

నిన్న రాత్రి కచేరీ ముగిసింది. మాట ఇవ్వకపోయినా వచ్చి చెప్పడం ధర్మం అనిపించింది.

వేదిక తూర్పుకు తిరిగి ఉంది. అంటే సాయంత్రం సూర్యుడు సరిగ్గా వేదిక వెనకే దిగాడు. బంగారు వెలుతురు గంట నాకు దక్కలేదు. కుడి పక్కకు జరిగి నల్లటి పక్కతెర నేపథ్యంగా తీసిన మధ్యాహ్నపు ఫొటోలలో మాత్రం మనుషుల ముఖాలు ఉన్నాయి, నిరుటితో పోలిస్తే నాకు అదే పండుగ. ఎఫ్/4.5 దగ్గర ఐఎస్ఓ 400 కాస్త తక్కువైంది, 640 పెట్టవలసి వచ్చింది. మెకానికల్ షట్టర్‌తో చారలు ఒక్క ఫొటోలోనే కనిపించాయి, అదీ వెనక ఉన్న పెద్ద ఎల్‌ఈడీ తెర మీద. నాలుగో బృందం సమయంలో బారికేడ్ వైపు వెళ్లబోయి, భుజాలు కదలని స్థితి రాగానే చెవులుభద్రం గారి మాట గుర్తొచ్చి పక్కకు బయటపడి, మిక్సింగ్ గుడారం కంచె దగ్గర స్థిరపడ్డాను. ఇయర్‌ప్లగ్ ఒకటి నిజంగానే గడ్డిలో పడిపోయింది. రెండో జత తీశాను.

మొత్తం 140 ఫొటోలు. 11 ఉంచుకున్నాను. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినదాంట్లో సంగీతకారులెవరూ లేరు. ఐదో బృందం దిగిపోయాక, ఏడూ నలభైకి, పైన ఆకాశం సిరా నీలంగా ఉండగా, వేదిక మీద పనిచేసే ఒక మనిషి డ్రమ్ముల ముందు మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో చిన్న టార్చి పట్టుకుని, రెండు చేతులతో నేల మీద తీగలకు టేపు అంటిస్తున్నాడు. ఆ టార్చి వెలుగు సైంబల్ కింది అంచు మీద పడి అర్ధచంద్రంలా మెరిసింది. 1/60, ఐఎస్ఓ 1600, కంచెకు ఆనించిన చెయ్యి. పాతరీలు గారూ, అతని చేతులు కొంచెం చెదిరాయి, ఉంచేశాను.

ప్రధాన బృందానికి మూడు పాటలు తీసి కెమెరా జేబులో పెట్టాను. నిరుడు గుర్తులేకపోయిన ఆ పాటను ఈసారీ వాయించారు. చివర డ్రమ్ములు ఒక్కసారిగా ఆగిపోతే గిటారిస్టు ఒక్కడే ఒకే తీగను మెల్లగా మీటుతూ, ఆ మీటడాన్ని నిదానిస్తూ, దీపాలన్నీ ఆరిపోయాక కూడా ఇంకా రెండుసార్లు మీటాడు.


చెవులుభద్రం

ఆ చివరి రెండు మీట్లు విన్నారంటే ఇయర్‌ప్లగ్ సరిగ్గానే దూర్చారన్నమాట.